ఆయుధపూజకు కడిగిన కంప్యూటరు

మా ఇంట్లో కాలు ఒకచోట నిలవని మనుషులు ఇద్దరు. ఒకరు మా ఆయన శివప్ప, రెండోది మా కూతురు జయంతి. ఇద్దరిదీ ఒకటే తొందర, ఒకటే మొండితనం. వాళ్ళ మధ్య అన్నం కుండ దించుతూ, మాట మాటకూ అడ్డం పడుతూ బతుకుతున్నదాన్ని నేను, గంగాదేవిని. మొన్న దసరాకు జరిగింది చెబుతాను. తప్పు ఎవరిదో మీరే తేల్చుకోండి. నాకైతే ఇద్దరి మీదా కోపం ఇంకా ఆరలేదు.

సోమందేపల్లెలో హైవే దిగగానే వచ్చే వీధిలో మా ఇల్లు. ముందు గది దుకాణం. అక్కడ మేము పట్టుచీరల మగ్గాలకు అట్టలు కొడతాం. చీర అంచు మీద పువ్వో పక్షో రావాలంటే మగ్గం పైన దారాలు లేపే జాకార్డు పెట్టె ఉండాలి, దానికి చిల్లులు కొట్టిన అట్టలను దండలాగా కుట్టి వేయాలి. ఏ చిల్లు దగ్గర ఏ దారం పైకి లేవాలన్నదే మా పని. మా ఆయన ఒకప్పుడు చీరలు నేసినవాడే. మోకాళ్ళు పట్టుకున్నాక మగ్గం తీసేసి, గళ్ళ కాగితం మీద అంచులు గీసి చేత్తో అట్టలు కొట్టేవాడు. ఇప్పుడు జయంతి కంప్యూటర్లో గీస్తుంది, దానికి తగిలించిన మిషను కొడుతుంది.

ఆ గీసే సాఫ్ట్‌వేరు బెంగుళూరాయన ఒకడి దగ్గర కొన్నాం. ఆయనే వచ్చి ఏదో నంబరు ఎక్కించి పోయాడు. తర్వాత ఆ కంపెనీ మూతపడింది, ఫోను చేస్తే ఎత్తే దిక్కు లేదు. కంప్యూటరు కూడా పాతదే. పొద్దున మీట నొక్కితే నేను కల్లాపి చల్లి వచ్చేసరికి లేచేది. అయినా అన్నం పెట్టింది, కాదనను.

పెళ్ళయ్యాక కూడా జయంతి రోజూ పక్క వీధి నుంచి వచ్చి దుకాణం నడిపేది. అల్లుడు తిప్పేష్ లారీ మీద ఉంటాడు, పండక్కి కూడా రోడ్డు మీదే. ఇన్నేళ్ళూ ఆ పిల్ల చేసిందల్లా నకళ్ళు తీయడం. నెమలి చీర తెచ్చి ముందు పెడితే నెమలి, హంస చీర తెస్తే హంస. ఎవరి గీతో తన చేత్తో మళ్ళీ గీయడమే. పైకి ఏమీ అనేది కాదు గాని, కొత్త చీర ఎవరైనా విప్పి చూపిస్తే దాని మొహం చిన్నబోయేది. అది నేను చూస్తూనే ఉన్నాను.

ఈసారి వానలు మొహం చాటేసి, చేలల్లో శెనక్కాయ ఊడ దిగకముందే మాడిపోతున్న రోజుల్లో, జయంతి తెర మీద శెనక్కాయ చెట్టు గీయడం మొదలుపెట్టింది. ఆకు, చిన్న పసుపు పువ్వు, పువ్వు కింద నుంచి నేలలోకి దిగే ఊడ, ఊడ చివర కాయ. అంచు పొడవునా అదే వరస. జరీతో వస్తే ఎలా ఉంటుందో అని నాకు రోజుకు నాలుగుసార్లు చూపించేది. పట్టుచీర మీద శెనక్కాయలేమిటని మొదట నవ్వాను. తర్వాత ఆ ఊడలు చూసి నవ్వు ఆగిపోయింది.

మా వీధి చివర మద్దిలేటి మగ్గం ఉంది. దసరాకు ఆయన కొత్త పడుగు ఎక్కిస్తాడు. ఆయనకు చూపించింది.

"పట్టుచీర కట్టేవాళ్ళు చేను మొహం చూడకూడదనే కడతారమ్మా" అన్నాడు ఆయన. అంటూనే తెర దగ్గరికి జరిగాడు. "ఈ ఊడలు మాత్రం బాగుండాయి. దశమి పొద్దున అట్టలు నా చేతికియ్యి, నీ అంచే ఎక్కిస్తా. ఇయ్యలేకపోతే నెమలి అట్టలు ఎట్లాగూ ఉండాయి. ఒకసారి ఎక్కిందంటే శివరాత్రి దాకా మార్చేది ల్యా, ముందే చెప్తాండా."

కొత్త అంచుకు మొదటి చిల్లు దశమినాడే పడాలని మా వీధిలో ఆనవాయితీ. అందుకే జయంతి అట్టలు ముందుగా కొట్టలేదు. అష్టమి మధ్యాహ్నానికి అంచు పూర్తి చేసి, పెన్‌డ్రైవ్‌లో కూడా ఒకటి ఎక్కించుకుని, అట్టలకు మందపాటి కాగితం తేవడానికి హిందూపురం బస్సెక్కింది.

ఆమె అటు పోగానే మా ఆయన పంచె ఎగగట్టాడు. మర్నాడు ఆయుధపూజ. మా వైపు ఆ పండగ ముందు కడగని వస్తువుండదు. హైవే పక్కన లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు అన్నీ తడిసి నిలబడి ఉన్నాయి. మా దుకాణంలో మిషను, కత్తెరలు, ఆయన పాత ఉలి, సుత్తి, అన్నీ బయటికి వచ్చాయి. గది ఊడ్చి ఆ దుమ్ము పారేయబోతే ఆయన నా చేతిలో చేట లాక్కున్నాడు.

"పారేస్తావేమే. అందులో జరీ తుంపులుండాయి."

నేత మానేసి ఎన్నేళ్ళయినా ఆ బుద్ధి మానలేదు. చీర నమూనాల నుంచి రాలిన పోగులు ఏరి, డబ్బాలో వేసి, మూత బిగించి పక్కన పెట్టాడు. నేను వంటింట్లోకి పోయాను. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఫోనును తెరకు ఎదురుగా పట్టుకుని ఏదో చదువుకుంటుంటే, పంచాంగం చూస్తున్నాడనుకున్నాను.

నవమి పొద్దున అన్నింటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు పెట్టాం. కంప్యూటరు నెత్తిన నిమ్మకాయ. వాకిట్లో బూడిదగుమ్మడి పగలగొట్టాం. అన్నాలకు కూర్చున్నప్పుడు మా ఆయన మహా సంతోషంగా ఉన్నాడు.

"ఈసారి కంప్యూటరు పైన తుడిచేది కాదు పాపా, లోపల గూడా కడిగినా" అన్నాడు.

జయంతి చేయి ఆగింది. "లోపలంటే?"

"రోజూ ఎర్రగా వస్తాది గదా, తప్పులు తప్పులని. నిన్న ఫోను పట్టి ఇంగ్లీషును తెలుగు చేసుకొని చదివినా. వెయ్యికి పైన తప్పులుండాయంట. అన్ని తప్పులుండే పనిముట్టును అమ్మవారి ముందర ఎట్లా పెడతాం? శుభ్రం చెయ్యాల్నా అని అడిగింది. చెయ్యమన్నా."

ఆ ఎర్ర బొమ్మ సంగతి నాకూ తెలుసు. కంప్యూటరు నిదానమైందని గిరాకీకి వచ్చినవాడెవరో ఉచితంగా దొరుకుతుందని చెప్పి ఎక్కించి పోయిన రిజిస్ట్రీ క్లీనరు అది, కంప్యూటరు లోపలి చెత్త ఊడుస్తానంటుంది. లేచిన ప్రతిసారీ లెక్క చూపించి బెదిరించేది. జయంతి దాన్ని మూసేసి తన పని చూసుకునేది. "అది ఊరికే అరుస్తాది నాయనా, పట్టించుకోవద్దు" అని ఆయనతో కూడా అన్నది. ఆయన పట్టించుకున్నాడు. దేవుడి ముందు పెట్టేదాని మీద ఆయనకంత పట్టింపు.

జయంతి చెయ్యి కడగకుండానే లేచింది. "ఒక్కసారి ఆన్ చేసి చూస్తా."

"రేపటిదాకా ల్యా. పూజకు కూర్చున్న పనిముట్టును కదిలించకూడదు."

"కదిలించను. చూస్తా అంతే."

"చూసేది గూడా కదిలించినట్టే."

ఆయన పోయి దుకాణం గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇక ఆ మధ్యాహ్నం ఆ పిల్ల పడిన తిప్పలు చెప్పలేను. గడప దాకా వస్తుంది, నిమ్మకాయ వైపు చూస్తుంది, తిరిగి వంటింట్లోకి వస్తుంది. కడిగిన గిన్నె మళ్ళీ కడుగుతుంది. తన ఇంటికి పోతున్నానని చెప్పి వీధి మలుపు దాకా పోయి వెనక్కి వస్తుంది. దాన్ని చూస్తుంటే నాకే కాళ్ళు పీకాయి. కూర్చోమ్మా అంటే కూర్చుంటుంది, నేను తల తిప్పేలోగా మళ్ళీ లేస్తుంది. హైవే మీద బంతిదండలు కట్టుకున్న లారీలు హారన్లు కొడుతూ పోతుంటే, దానికి ఆ చప్పుడు కూడా పడలేదు.

చివరికి పెనుకొండలో కంప్యూటర్లు బాగుచేసే శశికుమార్‌కు ఫోను చేసింది. మాకు తెలిసిన కుర్రవాడు, చర్చికి పోయే ఎస్తేరమ్మ కొడుకు. ఫోను నాకూ వినపడేలా పెట్టింది.

"చానాసార్లు ఏమీ కాదక్కా" అన్నాడు అతను. "ఆ క్లీనర్లతో మేలూ ఉండదు, కీడూ ఉండదు. అవి చూపించే తప్పులు తప్పులే కావు, పాత గుర్తులు. వెయ్యి తీసేసినా కంప్యూటరు వేగమయ్యేది ల్యా. కాకుంటే ఎప్పుడో ఒకసారి, పనికొచ్చేదాన్ని గూడా చెత్త అనుకొని తీసేస్తాది. అట్లయినప్పుడే కష్టం."

"మాది ఏది శశీ?"

"చూడకుండా ఎట్లా చెప్పేది. పొద్దున్నే వస్తా. నాకు పండగ ల్యా గదా."

ఆ ఎప్పుడో ఒకసారి అన్న మాట పట్టుకుని ఆ పిల్ల సాయంత్రమంతా తిరిగింది. గడపలో కూర్చున్న మా ఆయన కూడా కుర్చీలో అటూ ఇటూ జరుగుతూనే ఉన్నాడు. ఒక తప్పు చేశానేమోనని ఆయనకు అప్పుడే అనుమానం తగిలింది. అడిగితే ఒప్పుకుంటాడా?

దశమి పొద్దున తెల్లవారగానే ఆయన కొబ్బరికాయ కొట్టి నిమ్మకాయ దించాడు. జయంతి మీట నొక్కింది. కంప్యూటరు ఎప్పటిలాగే నిదానంగా లేచింది. కడిగిన వేగం ఏమీ కనపడలేదు. తన డిజైన్ల బొమ్మ మీద నొక్కితే, అంచు రావాల్సిన చోట చిన్న బూడిద రంగు పెట్టె వచ్చింది. ఈ సాఫ్ట్‌వేరుకు అనుమతి లేదు, నంబరు ఇవ్వమని. మళ్ళీ నొక్కింది, అదే పెట్టె. అది తెరుచుకోకపోతే పెన్‌డ్రైవ్‌లో అంచు ఉన్నా మిషను చిల్లు కొట్టదు, చేత్తో కొట్టాలంటే వారాలు పడుతుంది.

జయంతి తండ్రి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు ఇంత బాధ లేకపోను.

"నాయనా, మగ్గం మీద చీర పొడవునా ఆడని దారాలు కొన్ని ఉంటాయి గదా. కొంగు కాడికి వచ్చినప్పుడే లేస్తాయి. అవి ఊరికే వేలాడతాండాయి, పని చెయ్యల్యా అని కత్తిరిస్తావా నువ్వు?"

"యాడన్నా కత్తిరిస్తారా పాపా" అన్నాడాయన.

"నువ్వు మొన్న చేసింది అదే."

మా ఆయన మొహం చూడలేకపోయాను. ఆ మనిషి జీవితంలో ఒక్క పోగు అనవసరంగా తెంపి ఎరగడు. తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, ఎటు పోతున్నాడో చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఫోను కూడా గూట్లోనే వదిలేశాడు.

కాసేపటికి శశికుమార్ బండి మీద వచ్చాడు. కూర్చుని చూశాడు. బెంగుళూరాయన ఎక్కించిన నంబరు తాలూకు గుర్తు ఉండాల్సిన చోట లేదని, క్లీనరు దాన్ని దిక్కులేని చెత్తగా లెక్కగట్టి తీసేసిందని చెప్పాడు. కంప్యూటరును రెండు రోజులు వెనక్కి తిప్పే ఏర్పాటు ఒకటుంటుందట. డిస్కులో చోటు చాలక మాదాంట్లో అది ఎప్పుడో ఆపేసి ఉంది.

"అక్కా, తీసేసే ముందు అది ఒక మాట అడుగుతాది. తీసినవన్నీ ఒక ఫైలుగా దాచిపెట్టాల్నా అని. అది దాచుంటే రెండు నొక్కులతో అయిపోతాది. దాచే చోట్లు ఒకటి రెండు చూసినా, కనపడల్యా. పెద్దాయన దాచినాడంటావా?"

జయంతి నవ్వింది. బాగా లేదు ఆ నవ్వు.

"ఆయన యాడ దాస్తాడు శశీ. ఆయుధపూజకని కడిగినాడు. కడిగిన మురికిని ఎవరన్నా ఇంట్లో పెట్టుకుంటారా?"

"ఆయన్నే అడుగుదాం ఉండే" అన్నాను నేను. "యాడికి పోతాడు, వస్తాడు."

"వచ్చేదాకా మద్దిలేటన్న ఆగతాడా అమ్మా? ఆడ పడుగు ఎక్కిస్తాండారు." అప్పటికే ఆ పిల్ల నిలబడి లేదు. కుర్చీ చుట్టూ తిరుగుతోంది. "ఇంకేం దారి లేదా శశీ?"

"ఒకటుండాది. డిస్కంతా తుడిచేసి మొదటినుంచి ఎక్కించి, మీ పాత సీడీతో డిజైన్ సాఫ్ట్‌వేరు మళ్ళా పెడితే, నంబరు ఒప్పుకున్నా ఒప్పుకోవచ్చు. గ్యారంటీ ఇయ్యలేను. ధర్మవరంలో ఇదే సాఫ్ట్‌వేరు ఉండేవాళ్ళ కాడికి..."

"ఈ రోజు ఎవడు తెరుస్తాడు? తెరిచినా నకలు తీసుకుంటారు, రేపు నా అంచు ప్రతి మగ్గం మీదా ఉంటాది. తుడిచెయ్యి."

"డిజైన్లన్నీ బయట ఉండాయా?"

"పెన్‌డ్రైవ్‌లో ఉండాయి. తుడిచెయ్యి శశీ."

అతను నా వైపు చూశాడు. నేనేం చెబుతాను. ఇంకొంచెం ఆగమని మరోసారి అన్నాను. నా మాట ఆ ఇంట్లో కుక్కర్ విజిల్ లాంటిది, వినపడుతుంది గాని ఎవరూ లేవరు. అతను నొక్కాడు. తెర మీద గీత ఒకటి నింపాదిగా నిండుతూ పోయింది. జయంతి ఆ గీతను చూస్తూ గోడకూ కుర్చీకీ మధ్య నడుస్తూనే ఉంది.

ఎండ ముదిరాక సీడీ ఎక్కింది. పెట్టె మీద అంటించిన నంబరు కొట్టింది. కంప్యూటరు ఆ నంబరును బెంగుళూరు కంపెనీని అడగబోయింది. కంపెనీ ఎక్కడిది? అదే బూడిద రంగు పెట్టె వచ్చి నిలబడింది. శశికుమార్ మళ్ళీ మళ్ళీ కొట్టి, కుర్చీ వెనక్కి జరిపి, తల గోక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే మా ఆయన గడప ఎక్కాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"మద్దిలేటి కాడికి పోయింటి" అన్నాడు. "పొద్దుగూకేదాకా ఆగుతానన్నాడు. మొదట కాదన్నాడు. నేనూ ఆడ్నే కూర్చుంటి. తప్పు నాది, నా బిడ్డది కాదప్పా అని చెప్పినా. ఆయన గూడా ఆ ఊడలు చూసినాడు గదా, సరేనన్నాడు." జయంతి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నిదానంగా చేసుకో పాపా. ఇంకా చానా పొద్దుండాది."

ఆ మనిషి ఎవరి ముందూ తప్పు నాది అన్నవాడు కాదు. మా పెళ్ళినాటి నుంచి నేను వినలేదు. ఆయన శశికుమార్‌ను అడిగాడు.

"ఏమప్పా, కాల్యా?"

"కాల్యా పెద్దాయనా. అంతా తుడిచి మళ్ళా పెట్టినాం, ఐనా ఒప్పుకోవడం ల్యా. మొన్న ఆ తీసేసినవి దాచి ఉంటే పొద్దున్నే అయిపోయుండేది."

"దాచినా గదా" అన్నాడు మా ఆయన.

జయంతి నడక ఆగింది.

"దాచినా" అన్నాడు మళ్ళీ, ఎందుకు అందరూ అలా చూస్తున్నారో తెలియక. "తీసిందాన్ని పెట్టుకుంటావా అని అడిగింది. ఊడ్చిందాన్ని ఎవరన్నా పారేస్తారా? అందులో ఏం జరీ ఉంటాదో ఎవరికి తెలుసు. పెట్టుకుంటానంటి. యాడ పెట్టాల్ల అని అడిగితే, నా పాత అంచులుండే చోటు చూపిస్తి. ఆడ చూడల్యా మీరు?"

గళ్ళ కాగితాలకు ఫోటోలు తీసి పెట్టిన ఆయన పాత అంచులు కంప్యూటర్లో ఒక మూల ఉండేవి. జయంతి వాటిని ఎప్పుడో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. శశికుమార్ ఆత్రంగా పెన్‌డ్రైవ్ తెరిచి చూశాడు. అంచులన్నీ ఉన్నాయి. అవి నెలల కిందట ఎక్కించినవి. మొన్న అష్టమినాడు ఆయన దాచిన మూట అందులో లేదు. తుడిచేసిన డిస్కు మీద కూడా ఏదో వెతికాడు, చాలాసేపు వెతికాడు. దాని మీద కొత్తవన్నీ ఎక్కించేశాం, ఇక రాదని చివరికి చెప్పాడు.

"పొద్దున నేను అంతలేసి మాట అన్నప్పుడే చెప్పి ఉండొచ్చు గదా నాయనా" అంది జయంతి.

"అది పనికొస్తాదని నాకేం తెలుసు. నన్ను ఎవరన్నా అడిగినారా?"

ఎవరూ అడగలేదు. అడుగుదామని పొద్దున నేను అన్నాను. ఇప్పుడు అని ఏం లాభం. నాకు ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపం. అన్ని తప్పులు చూపించి భయపెట్టినదాని మీద కోపం, దాన్ని నమ్మినవాడి మీద కోపం, ఒక్క నిమిషం ఆగలేని పిల్ల మీద ఇంకా కోపం.

జయంతి నేల మీద కూర్చుంది. రెండు రోజుల్లో ఆ పిల్ల నిలకడగా కూర్చోవడం అదే మొదలు. మా ఆయన కాసేపు నిలబడి, మోకాలు నొప్పికి గోడ పట్టుకుంటూ దాని పక్కనే కూలబడ్డాడు. హిందూపురం నుంచి తెచ్చిన అట్టల కట్ట విప్పకుండా అలాగే ఉంది. నేను పళ్ళెం తెచ్చి ముందు పెట్టాను, ఇద్దరూ ముట్టలేదు.

మద్దిలేటి మాట మీద నిలబడ్డాడు. పొద్దుగూకేదాకా ఆగాడు. దీపాలు పెట్టే వేళకు ఆయన వాకిలి దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు. జయంతి కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన తన మగ్గం వైపు తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వీధి చివర నుంచి మగ్గం చప్పుడు మొదలైంది. మా ఆయన చెవి ఒగ్గి విన్నాడు. ఆయనకు చప్పుడును బట్టి ఏ అట్టలు ఆడుతున్నాయో తెలుస్తుంది.

"నెమలి" అన్నాడు.

"తెలుసు నాయనా" అంది జయంతి.